పామ్ పెట్టాలా, సైకాడ్ పెట్టాలా? మన ఎండకి, మన జాగాకి ఏది సరిపోతుంది

రేర్ పామ్ ఒకటి చెప్పండి, మంచి సైకాడ్ ఒకటి చెప్పండి అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. పేరు చెప్పే ముందు నేను తిరిగి అడిగేవి మూడు: ఊరేది, నేలలో పెడతారా కుండీలోనా, ఆ చోట ఎండ ఎన్ని గంటలు పడుతుంది. ఇవి తెలీకుండా మొక్క పేరు చెప్తే అది సలహా అవ్వదండి, ఎందుకంటే కోనసీమ నీడలో నిగనిగలాడే లిప్‌స్టిక్ పామ్ హైదరాబాద్ బాల్కనీకి వస్తే ఏప్రిల్ దాటేసరికి ఆకు చివర్లన్నీ మాడిపోతాయి, అనంతపురం ఎండలో హాయిగా ఉండే ట్రయాంగిల్ పామ్‌ని కోనసీమలో నీళ్ళు నిలిచే దొడ్లో పెడితే వేరు కుళ్ళిపోతుంది. రెండూ మంచి మొక్కలే, చోటు మారింది అంతే.

ముందు అసలు తేడా చూద్దాం. పామ్ అంటే తాటి, కొబ్బరి, ఈత, పోక వీటి కుటుంబం, పువ్వు పూసి కాయ కాస్తుంది. సైకాడ్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ వీటితో చుట్టరికం లేదు, పువ్వులే ఉండవు, పైన్ చెట్లకి వచ్చినట్టు కోన్లు వస్తాయి, మగ మొక్క వేరు ఆడ మొక్క వేరు, డైనోసార్ల కంటే ముందు నుంచి ఉన్న వంశం. నర్సరీలో సేగో పామ్ అని అమ్మేది సైకాడే. పెంచేవాళ్ళకి ఇది ఎందుకు ముఖ్యమంటే పామ్ ఏడాది పొడుగునా ఒక్కో ఆకు తీస్తూనే ఉంటుంది, సైకాడ్ నెలల తరబడి కదలకుండా ఉండి ఒక్కసారిగా చుట్టూ ఆకులన్నీ తీస్తుంది, మళ్ళీ నిద్ర. పామ్‌కి నీళ్ళు ఎరువు ఆగకుండా అందుతూ ఉండాలి, సైకాడ్‌కి నీళ్ళు ఎక్కువైతేనే ప్రమాదం. అందుకే పామ్ కొనేప్పుడు పదేళ్ళ తర్వాత మీ జాగా ఎంత అని చూస్కోండి, సైకాడ్ కొనేప్పుడు మీ ఓపిక ఎంత అని చూస్కోండి. సగం డౌట్లు ఇక్కడే తీరిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఫాక్స్‌టెయిల్ పెట్టాలా రాయల్ పామ్ పెట్టాలా అని. వెంచర్ల గేట్ల దగ్గర రెండు వరసలుగా కనపడేవి ఎక్కువ ఇవే. రాయల్ పామ్ క్యూబా వైపుది, 60, 70 అడుగులు అవలీలగా పోతుంది, కాండం తెల్లగా నున్నగా చాలా అందంగా ఉంటుంది కాదనను, కానీ ఎండిన మట్ట దానంతటదే ఊడి పడుతుంది, పెద్ద చెట్టు మట్ట ఒక్కోటి 10 కిలోల పైనే ఉంటుంది, అది ఆ ఎత్తు నుంచి కారు మీద పడితే అద్దం పోతుంది, మనిషి మీద పడితే చెప్పక్కర్లేదు. 200 గజాల ఇంట్లో, అందులోనూ కరెంటు వైర్ల పక్కన, రాయల్ వద్దండి. తోట ఉన్నవాళ్ళు, పొడుగు దారి ఉన్నవాళ్ళు పెట్టుకోండి, అక్కడ దానికి సాటి లేదు. మామూలు ఇంటికి ఫాక్స్‌టెయిల్ చాలు, 30 అడుగుల దగ్గర ఆగుతుంది, మట్ట తేలిక, అదీ దానంతటదే రాలుతుంది, ఎండకి భయపడదు.

ఫాక్స్‌టెయిల్ గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మొక్కలు పంచుకోవడం అనే విషయం అంతా ఇందులో ఉంది. ఇది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన కేప్ మెల్‌విల్ అనే చోట బండరాళ్ళ గుట్టల మధ్య మాత్రమే పెరిగే చెట్టు, వొడియేషియా బైఫర్కేటా అని శాస్త్రీయ నామం పెట్టిందే 1983లో. ఆ తర్వాత దీనికి గిరాకీ పెరిగి విత్తనాల కోసం ఆ నేషనల్ పార్కులోకి దొంగతనంగా వెళ్ళేవాళ్ళు తయారయ్యారు. ఇవ్వాళ మన గోదావరి పక్క కడియపులంక నర్సరీల్లో లైన్లు లైన్లుగా ఉందంటే, తోటల్లో పెరిగిన చెట్లు కాయలు కాసి ఆ విత్తనం చేతులు మారడం వల్లే, ఇప్పుడు ఆ గుట్టల్లోకి వెళ్ళి దొంగిలించాల్సిన అవసరం ఎవరికీ లేదు. రేర్ మొక్క బతకాలంటే అది ఎక్కువమంది దొడ్లలో ఉండాలి, కానీ అడవిలోంచి తవ్వి తేకూడదు, నా పట్టు ఇదే, కింద సైకాడ్ల దగ్గర మళ్ళీ చెప్తాను.

ఫాక్స్‌టెయిల్‌కి మన దగ్గర వచ్చే ఇబ్బంది నీళ్ళు. బోరు నీళ్ళు ఉప్పగా సున్నంగా ఉన్నచోట కొత్త ఆకు పసుపెక్కి చిన్నగా, ముడుచుకుని వస్తుంది, చాలామంది నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు, అది ఇనుము, మాంగనీస్ అందక వచ్చేది. ఎరువుల షాపులో దొరికే సూక్ష్మపోషకాల మిశ్రమం ఆకుల మీద కొట్టాలి, చెట్టు మొదలు దగ్గర పశువుల ఎరువు వేసి వాన నీళ్ళు ఇంకేలా చూడాలి. పాత ఆకులు కాషాయం రంగు మచ్చలతో ఎండుతుంటే అది పొటాష్ లోపం, ఆ ఆకులు బాలేవని నరికేస్తే చెట్టు ఇంకా నీరసపడుతుంది, ఎందుకంటే కొత్త ఆకుకి కావాల్సిన పొటాష్‌ని చెట్టు ఆ పాత ఆకులోంచే లాక్కుంటుంది. ఇది అన్ని పామ్‌లకీ వర్తిస్తుంది. పచ్చి మట్టలు నరికిన గాయాల వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది, అది ఒకసారి మొవ్వులోకి దూరిందంటే చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒంటి కాండం పామ్‌కి మొవ్వు ఒక్కటే ఉంటుంది, అది పోతే పక్కనుంచి కొమ్మ రాదు.

చిన్న జాగాకి, డాబా మీద పెద్ద కుండీకి అడిగేవాళ్ళకి బాటిల్ పామ్, స్పిండిల్ పామ్ మధ్య ఎంపిక ఉంటుంది. బాటిల్ పామ్ మారిషస్ పక్కన ఉండే రౌండ్ ఐలాండ్‌ది, మనుషులు వదిలిన మేకలు, కుందేళ్ళు మొలకలన్నీ తినేయడంతో ఆ దీవిలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చెట్లు మిగిలిన రోజులు ఉన్నాయి. స్పిండిల్ దానికి అన్నదమ్ముల వరస, అదే సముద్రంలో రోడ్రిగ్స్ దీవిది. బాటిల్‌కి అడుగున లావు, స్పిండిల్‌కి మధ్యలో లావు. బాటిల్ చాలా నెమ్మది, తలలో నాలుగైదు ఆకులే ఉంటాయి కాబట్టి ఒక్క ఆకు పాడైనా బోసిపోతుంది, స్పిండిల్ కొంచెం త్వరగా సాగుతుంది, చలి కూడా కొంచెం ఎక్కువ ఓరుస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వాళ్ళకి బాటిల్ బంగారం, ఉప్పుగాలికి కూడా బాగుంటుంది, పొట్టిగా లావుగా ఉండడం వల్ల గాలివానకి నిలబడే రకం, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ చెట్లని ఏం చేసిందో చూసినవాళ్ళు ఈ పాయింట్ తేలిగ్గా తీసుకోరు. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రులు 10, 12 డిగ్రీలకి పడినప్పుడు చిన్న బాటిల్ పామ్ ఆకు మీద మచ్చలు వస్తాయి, గోడ పక్కన దక్షిణం వైపు పెడితే ఆ గోడ వేడికి గట్టెక్కుతుంది. ఆదిలాబాద్ చలికి మాత్రం రెండూ వద్దు.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వచ్చాం, బిస్మార్క్ పామ్. వెండి రంగు ఆకు, ఒక్కో ఆకు 6 నుంచి 10 అడుగుల వెడల్పు, మడగాస్కర్ గడ్డి మైదానాల చెట్టు, మన తాటి, ఇది ఒకే తెగ. ఎంత దగ్గరంటే మొలక కూడా ఒకేలా వస్తుంది, తాటి టెంక పాతితే మొలక ముందు పైకి రాకుండా భూమిలోకి లోతుగా దిగుతుంది కదా, మనం తవ్వి తేగలు అని తినేది అదే, బిస్మార్క్ కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. అందుకే దీన్ని లోతులేని కవర్లో మొలకెత్తించిన మొక్క కొనొద్దు, వేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటుంది. పెద్ద బిస్మార్క్‌ని తవ్వి లారీలో తెచ్చి పెట్టించుకోవడం కూడా జూదమే, వేరు తెగితే ఓర్వదు, నెలల తరబడి పచ్చగానే కనపడి తర్వాత మొవ్వు ఎండిపోతుంది. మూడడుగుల లోపు మొక్క, పొడుగాటి కవర్లో ఉన్నది తీస్కుని తొలకరికి నేలలో పెట్టేయండి, నాలుగేళ్ళలో లారీ చెట్టుని దాటిపోతుంది.

జాగా మాత్రం కావాలి. చుట్టూ 20 అడుగులు ఖాళీ లేకపోతే బిస్మార్క్ పెట్టకండి, ప్రహరీ పక్కన పెట్టి ఆకులు కోస్తూ ఉంటే ఆ చెట్టు అందమే పోతుంది. ఫామ్‌హౌస్ ఉన్నవాళ్ళకి, మెదక్, మహబూబ్‌నగర్ ఎర్ర నేలలకి, రాయలసీమకి దీనికంటే మంచి పామ్ నాకు తెలీదు, వేళ్ళూనుకున్నాక నెలకోసారి నీళ్ళు ఇచ్చినా నిలబడుతుంది. జాగా తక్కువ ఉండి ఎండ బాగా ఉన్నవాళ్ళు ట్రయాంగిల్ పామ్ చూడండి, అదీ మడగాస్కర్‌దే, దక్షిణాన ఎండు అడవుల్లో చిన్న ప్రాంతంలో మాత్రమే ఉండే చెట్టు, ఆకులు మూడు వరసల్లో త్రికోణంగా వస్తాయి, లేత నీలం బూడిద రంగు. నీళ్ళు తక్కువ అడుగుతుంది, 15 నుంచి 20 అడుగుల దగ్గర ఆగుతుంది. వెండి రంగు కోసమే అయితే బిస్మార్క్, ఆకారం కోసం అయితే ట్రయాంగిల్.

నీడ చోటుకి, అపార్ట్‌మెంట్ కారిడార్‌కి కథ వేరు. అరికా పామ్ అందరికీ తెలుసు, దాని గురించి ఎక్కువ చెప్పను, చవక, గుబురు, కాకపోతే నర్సరీ కుండీలో పది ఇరవై మొలకలు కలిపి నాటేస్తారు, ఏడాదికి సగం చచ్చిపోతాయి, భయపడకండి అది సహజం. దానికంటే ఒక మెట్టు పైకి కావాలంటే రాపిస్, లేడీ పామ్ అంటారు, వెదురు గుబురు మాదిరి పిలకలు వేస్తుంది, నీడ, ఏసీ గాలి, అప్పుడప్పుడు నీళ్ళు మర్చిపోవడం అన్నీ ఓరుస్తుంది, ఒకే ఒక్క షరతు, నడి ఎండ తగలకూడదు. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి రేటు ఎక్కువ, కానీ కొన్న కుండీ ఐదారేళ్ళకి మూడు కుండీలు అవుతుంది, స్నేహితులకి ఇవ్వడానికి దీన్ని మించిన పామ్ లేదు. లికువాలా గ్రాండిస్, గుండ్రటి విసనకర్ర మడతల ఆకుది, వనువాటు దీవుల మొక్క, ఫొటోల్లో చూసి అందరూ మనసు పడేది దీని మీదే, గోదావరి జిల్లాల్లో చెట్టు నీడన కుండీలో పెడితే అద్భుతంగా ఉంటుంది, తెలంగాణ ఎండాకాలపు పొడి గాలికి మాత్రం అంచులు ఎండిపోతాయి. లిప్‌స్టిక్ పామ్ ఇంకా సున్నితం, మలేషియా, సుమత్రా, బోర్నియో చిత్తడి అడవులది, ఎర్రటి కాడలు, కుండీని నీళ్ళ పళ్ళెంలో పెట్టి పెంచాల్సిన ఒకే ఒక్క పామ్ అనుకోండి. కోస్తాలో చెరువు గట్టు ఉన్నవాళ్ళు, తోటలో లోటస్ పాండ్ ఉన్నవాళ్ళు ఖర్చు పెట్టొచ్చు. హైదరాబాద్ వాళ్ళు ఆ డబ్బుతో రెండు మంచి రాపిస్ కొనుక్కోండి.

ఇన్ని దేశాల పామ్‌లు చెప్పుకుంటూ మనవి రెండు వదిలేస్తే అన్యాయం. జీలుగు చెట్టు, నర్సరీ భాషలో ఫిష్‌టెయిల్ పామ్, రంపచోడవరం, పాడేరు ఏజెన్సీలో జీలుగు కల్లు తీసే చెట్టు, చేప తోక ఆకారం ఆకులు, ఎర్ర నేలలో వానకే పెరుగుతుంది, చూడ్డానికి ఏ విదేశీ పామ్‌కీ తీసిపోదు. ఇది ఎంచుకునేవాళ్ళు రెండు తెలుసుకోవాలి, ఒకటి దీని కాయ గుజ్జు చర్మానికి తగిలితే విపరీతంగా దురద పెడుతుంది కాబట్టి గింజ తీసేప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, రెండోది పూత పైనుంచి మొదలై ఏటా కిందకి దిగుతూ వచ్చి ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. అలా కాకుండా ఎప్పటికీ ఉండాలనుకుంటే గుబురుగా పిలకలు వేసే చిన్న రకం, కారియోటా మైటిస్ పెట్టండి, ఒక కాండం పోయినా పక్కది ఉంటుంది. శ్రీతాళం ఇంకా పెద్దది, తాళపత్ర గ్రంథాలు రాసిన ఆకుల్లో ఇదొకటి, 30 నుంచి 80 ఏళ్ళు పెరిగి జీవితంలో ఒక్కసారి పూస్తుంది, ఆ పూగుత్తి మొత్తం మొక్కల ప్రపంచంలోనే పెద్దది, కాయలు పండాక చెట్టు చచ్చిపోతుంది. ఇంటికి పెట్టే మొక్క కాదు. ఊరి స్కూలు స్థలం, గుడి తోట, చెరువు కట్ట ఉంటే అక్కడ పెట్టించండి, మన మనవలు పూత చూస్తారు.

ట్రావెలర్స్ పామ్ అని అమ్మేది పామ్ కాదు, అరటికి దగ్గర చుట్టం, విసనకర్రలా ఒకే తలంలో విచ్చుకుంటుంది. నాటే రోజే ఆ విసనకర్ర ఏ వైపు తిరగాలో చూస్కుని నాటండి, గోడకి అడ్డంగా పెడితే తర్వాత తిప్పడం కుదరదు. ట్రాపికల్ లుక్ త్వరగా కావాలనుకునేవాళ్ళకి, పామ్ పెరిగేదాకా ఆగలేనివాళ్ళకి, ఇదీ హెలికోనియాలూ సరిపోతాయి.

ఇక సైకాడ్లు. మొదటి సైకాడ్‌గా సైకాస్ రెవల్యూటా పెట్టాలా, జామియా పెట్టాలా అంటే నా ఓటు ఇంట్లో ఎవరెవరున్నారు అన్నదాని మీద ఉంటుంది. రెవల్యూటా అంటే పైన చెప్పిన సేగో పామే, జపాన్ దక్షిణ దీవులది, చలికీ ఎండకీ దేనికీ జడవదు, ఆకు చివర సూదిలా గుచ్చుకుంటుంది, చిన్నపిల్లలు తిరిగే దారి పక్కన వద్దు. జామియా ఫర్‌ఫురేసియా, కార్డ్‌బోర్డ్ పామ్ అని అమ్ముతారు, మెక్సికో వెరాక్రూజ్ తీరానిది, ఆకు మందంగా గుండ్రంగా ఉంటుంది, గుచ్చుకోదు, కుండీలో చాలా బాగా వస్తుంది, కాండం భూమి లోపలే ఉంటుంది కాబట్టి వెడల్పు కుండీ తీస్కోండి. రెండూ విషమే, అది మాత్రం మర్చిపోకండి, ఆకు, దుంపలా లావెక్కే కాండం, అన్నిటికంటే ఎక్కువ గింజ, ఎర్రగా ఆకర్షణీయంగా ఉంటుంది, కుక్క ఒకటి రెండు గింజలు నమిలినా లివర్ దెబ్బతిని చచ్చిపోవచ్చు. కుక్కపిల్ల ఉన్న ఇంట్లో సైకాడ్ పెట్టాలంటే దానికి అందని ఎత్తులో, ఆడ మొక్క అయితే గింజలు వచ్చిన వెంటనే తీసేసేలా ఉండాలి, లేదంటే రాపిస్‌తో సరిపెట్టుకోండి. రెవల్యూటా, జామియా పెంచి చేయి తిరిగాక డియూన్ ఎడ్యూలే దొరికితే తీస్కోండి, అదీ మెక్సికోదే, చాలా నెమ్మది, ఎండ ఎంతైనా పర్లేదు. పెద్ద ఆకులు, చెట్టు మాదిరి రావాలంటే మన పశ్చిమ కనుమల సైకాస్ సర్సినాలిస్ ఉంది, కొంచెం నీడ, కొంచెం తేమ అడుగుతుంది, విత్తనంతో పెంచిన మొక్క అని నర్సరీ వాళ్ళు నమ్మకంగా చెప్తేనే కొనండి.

సైకాడ్ పెంచేవాళ్ళందరికీ మన దగ్గర మొదటి శత్రువు ఒకటుంది, అదీ అందమైనదే, ప్లెయిన్స్ క్యూపిడ్ అనే చిన్న లేత నీలం సీతాకోకచిలుక. లేత చిగురు కనపడగానే గుడ్లు పెట్టేస్తుంది, పురుగులు నాలుగైదు రోజుల్లో చిగురంతా నమిలేస్తాయి, వాటి చుట్టూ చీమలు కాపలా తిరుగుతుంటాయి, ఏడాదికి వచ్చే ఒక్క చిగురూ పోతే మళ్ళీ వచ్చే ఏడాదే. మందుల కంటే సులువైన పని ఏంటంటే మధ్యలో చిగురు ఉబ్బడం కనపడిన రోజే దోమతెర గుడ్డ కప్పి కింద కట్టేయడం, ఆకులు విచ్చుకుని గట్టిపడేదాకా రెండు మూడు వారాలు ఉంచితే చాలు. రెండోది తెల్ల పొలుసు పురుగు, ఆకు అడుగున సున్నం చల్లినట్టు కనపడుతుంది, గ్వామ్ దీవిలో అక్కడి సైకాస్ అడవుల్నే ఖాళీ చేసిన పురుగు అది. కొత్త మొక్క ఏది తెచ్చినా నెల రోజులు మిగతావాటికి దూరంగా పెట్టి ఆకు అడుగు చూస్తూ ఉండండి.

ఇక్కడ విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి కూడా చెప్పాలి. వచ్చేటప్పుడు సూట్‌కేసులో పామ్ గింజలు, సైకాడ్ పిలకలు వేస్కుని రావడం ప్రేమతో చేసే పనే, కానీ దిగుమతి పర్మిట్, మొక్కకి తెగులు పురుగు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. ఊరికే పెట్టిన రూల్ కాదు ఇది, మధ్య అమెరికా నుంచి వచ్చిన రూగోస్ తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచ్చి దగ్గర మొదట కనపడి తర్వాత మన గోదావరి కొబ్బరి తోటలకీ కడియం నర్సరీలకీ పాకింది, కొబ్బరి రైతులు ఇప్పటికీ పడుతున్నారు.

రేర్ సైకాడ్ అనగానే కొందరు అడిగేది సైకాస్ బెడ్డోమీ. తిరుమల కొండలు, కడప వైపు శేషాచలం గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు, పేరీత అంటారు, బెడ్డోమ్ అనే బ్రిటిష్ ఆఫీసరు పేరు మీద 1883లో పేరు పెట్టారు. మందుల కోసం మగ కోన్లు కోసుకుపోవడం వల్ల అడవిలో బాగా తగ్గిపోయింది. అంతరించిపోయే మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కూడా రక్షిత మొక్క, అనుమతి లేకుండా తవ్వినా అమ్మినా ఇంట్లో పెట్టుకున్నా నేరం. ఎవరైనా పెద్ద దుంప ఉన్న మొక్క, వేర్లు నరికేసి ఉన్నది, తక్కువకి ఇస్తాం అని ఫొటో పంపితే అది అడవిలోంచి తవ్విందని గట్టిగా అనుమానించండి, కొనకండి, ఫారెస్ట్ వాళ్ళకి చెప్పండి. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, ఆ కొండల మీద ఎండలో, నిప్పుకి కాలిన కాండంతో కూడా కొత్త ఆకులు వేసి నిలబడిన బెడ్డోమీని చూడాలంటే అక్కడికే వెళ్ళి చూడాలి. ఆఫ్రికా నీలి సైకాడ్లు, ఎన్‌సెఫలార్టాస్ జాతి మొత్తం, అదే మొదటి అనుబంధంలో ఉంది. ఆ జాతిలో ఎన్‌సెఫలార్టాస్ వుడీ అనే చెట్టు అడవిలో ఒకే ఒక్క మగది దొరికింది, 1895లో, ఇవ్వాళ ప్రపంచంలో ఉన్న వుడీలన్నీ ఆ ఒక్కదాని పిలకలే, ఆడది ఇంతవరకూ దొరకలేదు. కాగితాలు లేని నీలి సైకాడ్, కాగితాలు లేని బెడ్డోమీ, రెండూ వదిలేయండి, ఆ ఇష్టాన్ని రెవల్యూటా మీద పెట్టండి.

మొక్క ఏ సైజులో కొనాలి అన్నదానికి నా సమాధానం పామ్‌కి చిన్నది, సైకాడ్‌కి జేబు ఓర్చుకున్నంత పెద్దది. పామ్ నేలలో పడ్డాక పరిగెడుతుంది, సైకాడ్ దుంప లావెక్కడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళకే మీరు డబ్బు కడుతున్నారు. కడియం మొక్కలు ఎక్కువగా ఒండ్రుమట్టి ముద్దతో వస్తాయి, అలాగే తీస్కెళ్ళి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కుండీలో పెడితే నీళ్ళన్నీ చుట్టూ జారిపోయి మట్టి ముద్ద లోపల ఎండిపోయి ఉంటుంది, నాటే ముందు ఆ ముద్దని బకెట్ నీళ్ళలో బాగా నాననిచ్చి అంచులు వదులు చేయండి. పామ్ గింజ కొనేవాళ్ళు ఆన్‌లైన్‌లో ఎండిపోయిన గింజలు కొనకండి, చాలా పామ్ గింజలు ఎండితే చచ్చిపోతాయి. పండిన కాయ గుజ్జు తీసి, తడి కోకోపీట్‌తో జిప్ కవర్లో వేసి, వెచ్చటి చోట పెడితే ఫాక్స్‌టెయిల్ రెండు నుంచి నాలుగు నెలల్లో మొలుస్తుంది, ఎవరికైనా కొరియర్ చేసేటప్పుడు కూడా అదే తడి కవర్, మీద పేరు, కోసిన నెల రాసి పంపండి.

సైకాడ్ పంచడం వేరు, పిలకల్తో పని. పిడికిలంత అయ్యాక పదునైన కత్తితో తీసి, ఆకులన్నీ కోసేసి, వారం నీడలో ఆరబెట్టి, గరుకు ఇసకలో సగం పాతాలి, నీళ్ళు చాలా తక్కువ, వేర్లు రావడానికి నెలలు పడుతుంది, పీకి చూడొద్దు. కొరియర్‌కి తడి అస్సలు పెట్టకుండా పొడి న్యూస్‌పేపర్లో చుట్టి పంపండి. పిలక ఎప్పుడూ తల్లి లింగమే, మగ మొక్క పిలకలన్నీ మగవి, ఆడదాని పిలకలన్నీ ఆడవి, అందుకే పంచుకునేప్పుడు ఏ మొక్క పిలకో అడిగి రాసుకోండి. ఆడ సైకాస్ తలలో గింజలు పుప్పొడి అందకపోయినా ఎర్రగా నిండుగా తయారవుతాయి, చూసి మోసపోతాం, పై ఎర్ర తొక్క గ్లవ్స్‌తో తీసి నీళ్ళలో వేస్తే తేలేవి దాదాపు అన్నీ తాలు. మంచి గింజ కావాలంటే మనమే పుప్పొడి వేయాలి. మీ ఇంట్లో మగ సైకాస్‌కి ఈ ఎండాకాలం పొడుగు కోన్ వచ్చి పసుపు పొడి రాలుతుంటే కాగితం మీద దులిపి, ఆరబెట్టి, మూత గట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, చుట్టుపక్కల ఆడ మొక్క ఎవరింట్లో ఉందో కనుక్కుని దాని తల కొంచెం విచ్చుకుని వదులైనప్పుడు ఆ పొడి లోపలికి చల్లండి, మర్నాడు ఇంకోసారి చల్లండి. గింజలు పండాక సగం వాళ్ళకి, సగం మీకు, ఇంకో ఐదారు నెలలు ఆగి నాటాలి, ఎందుకంటే రాలిన రోజుకి లోపల పిండం ఇంకా తయారై ఉండదు.